కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటించారు, మరి డబ్బు ఎవరికి వస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. డాలస్‌లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్న ముగ్గురు స్నేహితులు సమాన వాటాలతో ఎల్‌ఎల్‌సీ (ఒక రకం ఉమ్మడి కంపెనీ) పెట్టి, రెండు గంటల దూరంలోని ఒక పల్లెటూరి కౌంటీలో 220 ఎకరాల పచ్చిక భూమి కొన్నారు. ఇద్దరు హెచ్‌1బీ మీద ఉన్నారు, ఒకరికి గ్రీన్‌కార్డు ఉంది. భూమిని అక్కడి ర్యాంచర్‌కి ఏడాదికింత అని కౌలుకిచ్చారు, ఆయన ఆవులు మేపుకుంటున్నాడు. వానల్లేక గడ్డి ఎండిపోయింది, కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. ఆ కౌంటీ రైతులకి లక్షల డాలర్ల విపత్తు సాయం అందినట్టు, ప్రభుత్వ సాయం ఎవరికెంత వెళ్ళిందో చూపే ఈడబ్ల్యూజీ వెబ్‌సైటులో చూశారు. ఎకరాల లెక్కన తమకెంత వస్తుంది, వచ్చే ఏడాది సొంతంగా మేకలు పెంచితే ఏం మారుతుంది అని అడుగుతున్నారు. ఈలోపు ఒకాయన "ఫారాలు నేను నింపి పెడతాను, వచ్చినదాంట్లో 15 శాతం ఇవ్వండి" అని వెంటపడుతున్నాడట.

నేను పశ్చిమ టెక్సాస్‌లో పంట బీమా ఏజెంటుగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. కొన్ని ఆవులు నాకూ ఉన్నాయి. సూటిగా చెప్పేస్తాను. ఈ ఏడాది గడ్డి ఎండినందుకు మీకు పైసా రాదు. మీ కౌలుదారుకి రావచ్చు, ఎంతొస్తుందనేది ఆయన కాగితాలు ఎలా ఉన్నాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందు ఆ ప్రకటన సంగతి. ఊళ్ళో కరువు మండలం అని ప్రకటించగానే మనవాళ్ళకి ఇన్‌పుట్ సబ్సిడీ గుర్తొస్తుంది. 33 శాతానికి మించి పంట పోతే కేంద్ర ప్రమాణాల ప్రకారం వర్షాధార పంటకి హెక్టారుకి 8,500 రూపాయలు, నీటివసతి ఉన్న పంటకి 17,000, అదీ రెండు హెక్టార్ల వరకు. సిబ్బంది పొలానికొచ్చి ఎన్యూమరేషన్ రాసుకుపోతారు. అమెరికాలో వ్యవసాయ మంత్రి కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటిస్తే ప్రధానంగా తెరుచుకునేది అప్పు తలుపు. దాన్ని ఎమర్జెన్సీ లోన్ అంటారు, తిరిగి కట్టాల్సిందే. ప్రకటన వచ్చిన ఎనిమిది నెలల్లోపు అడగాలి, బ్యాంకులో మామూలు అప్పు దొరకనివాళ్ళకే ఇస్తారు. ప్రకటన రావడానికి కూడా పెద్ద తతంగం అక్కర్లేదు. కరువు తీవ్రతని రంగుల్లో చూపే డ్రౌట్ మానిటర్ మ్యాపులో ఆ కౌంటీ పంట కాలంలో వరుసగా ఎనిమిది వారాలు డీ2లో, అంటే తీవ్ర కరువులో ఉన్నా (అంకె డీ4 దాకా పెరిగేకొద్దీ కరువు ముదిరినట్టు), ఒక్కసారి డీ3కి చేరినా దాదాపు దానంతటదే వచ్చేస్తుంది. పక్కన ఆనుకుని ఉన్న కౌంటీలకీ అప్పు అర్హత వస్తుంది. అందుకే కరువేళ టెక్సాస్ మ్యాపు సగానికి సగం ‘విపత్తు ప్రాంతం’ రంగేసుకుని కనిపిస్తుంది. పేపర్లో హెడ్‌లైన్ పడుతుంది, జనం చెక్కుల కోసం ఎదురుచూస్తారు.

పశువులవాళ్ళకి కరువులో నిజంగా డబ్బిచ్చే పథకం వేరే ఉంది. లైవ్‌స్టాక్ ఫోరేజ్ ప్రోగ్రామ్, అందరూ ఎల్‌ఎఫ్‌పీ అంటారు. దీనికి మంత్రి ప్రకటనతో పనిలేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ శాఖ కలిసి ప్రతి గురువారం విడుదల చేసే అదే డ్రౌట్ మానిటర్ మ్యాపే ఇక్కడ తీర్పు చెబుతుంది. ఆ కౌంటీలో గడ్డి మేసే కాలంలో వరుసగా నాలుగు వారాలు డీ2 ఉంటే ఒక నెల చెల్లింపు, ఎనిమిది వారాల్లో ఏడు వారాలుంటే రెండు నెలలు. (2025 చట్టానికి ముందు ఒక్క నెల డబ్బుకే ఎనిమిది వారాలు ఎండాల్సి వచ్చేది.) డీ3 ఒక్కసారి కనిపించినా మూడు నెలలు. డీ3 నాలుగు వారాలుంటే, లేదా డీ4 ఒక్కసారి వస్తే నాలుగు. డీ4 నాలుగు వారాలుంటే ఐదు. అంతకు మించి లేదు.

కౌంటీలో ఏ మూల ఆ రంగు పడినా కౌంటీ మొత్తానికి పడినట్టే లెక్క. మీ పొలంలో నాలుగు వానలు పడి గడ్డి పచ్చగా ఉన్నా, ముప్పై మైళ్ళ అవతల డీ3 చుక్క పడితే మీ కౌంటీ పశువులవాళ్ళంతా అర్హులే. తిరగేసి చూడండి. కౌంటీ హద్దు రోడ్డుకి అవతలివైపు ఉన్న రైతు గడ్డి మీకన్నా ముందే మాడిపోయినా, వాళ్ళ కౌంటీ రంగు డీ1 దగ్గరే ఆగితే ఆయనకి ఏమీ రాదు. కాఫీ దగ్గర కూర్చుని నెబ్రాస్కావాళ్ళని తిట్టుకునే ర్యాంచర్లని ఏటా చూస్తుంటాను. తిట్టుకునే బదులు ఆ మ్యాపు గీసేవాళ్ళకి స్థానిక పరిస్థితి రాసి, ఫొటోలు జోడించి పంపే ఆన్‌లైన్ సదుపాయం వాడండని చెబుతాను. ఎవరైనా పంపొచ్చు, మీరు కూడా. పంపేవాళ్ళు తక్కువ.

ఇక డబ్బు ఎవరికనే ప్రశ్న. మన దగ్గర కౌలురైతుల ఎన్నాళ్ళ గోడు ఏమిటి? పంట వేసిందీ, అప్పు చేసిందీ, పోగొట్టుకున్నదీ కౌలుదారు. పరిహారం పడేది పట్టాదారు ఖాతాలో. అమెరికాలో ఈ ఒక్క విషయంలో లెక్క తిరగబడి ఉంటుంది. సాయం భూమి వెంట పోదు, నష్టం మోసినవాడి వెంట పోతుంది. ఎల్‌ఎఫ్‌పీ కావాలంటే పశువులు మీవై ఉండాలి, వాటిని మేపే భూమి సొంతమో కౌలో మీ అధీనంలో ఉండాలి. మీకు పశువుల్లేవు. వాన పడ్డా పడకున్నా మీ కౌలు డబ్బు మీకొస్తుంది, కాబట్టి ఈ కరువులో మీకు నష్టమే లేదన్నది ఇక్కడి ప్రభుత్వ వాదం. నా మట్టుకు అది సరైన వాదమే. పాలికి ఇచ్చి, ఆదాయంలో వాటా తీసుకుంటూ నష్టంలోనూ వాటా పంచుకునే యజమాని సంగతి వేరు. పంటల పథకాల్లో అతని వాటా మేరకు అతనికీ వస్తుంది. మీది పక్కా నగదు కౌలు.

ఇక్కడ ఇంకో అపోహ కూడా ఉంది. "మాకు ఆగ్ ఎగ్జెంప్షన్ ఉంది కదా, మేమూ రైతులమే కదా" అంటారు. అది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఇచ్చే ఆస్తిపన్ను వెసులుబాటు. ఫెడరల్ వ్యవసాయ శాఖ కింద నడిచే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి, అంటే ఎఫ్‌ఎస్‌ఏకి, దానితో సంబంధం లేదు. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో ఉండొచ్చు, ఒకరి ఫైలు మరొకరు చూడరు.

మీ కౌలుదారుకి మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. కౌలు నోటిమాట మీద నడుస్తుంటే కాగితం మీద పెట్టండి. ఎన్ని ఎకరాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంతకి అని రాసి సంతకాలు చేసి కాపీ ఆయనకివ్వండి. భూమి మీ ఎల్‌ఎల్‌సీ పేరు మీదికి మారినట్టు రిజిస్ట్రేషన్ దస్తావేజు కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో చూపించి రికార్డు మార్పించండి. చాలామంది కొత్త యజమానులు ఇది చేయరు. ఆఫీసు రికార్డులో పాత యజమాని పేరే ఉంటుంది, కౌలుదారు దరఖాస్తు అక్కడ ఇరుక్కుంటుంది. "నీకొచ్చినదాంట్లో సగం మాకివ్వు" అనే షరతు మాత్రం పెట్టుకోవద్దు. నష్టం పూర్తిగా తనదేనని ఆయన అక్కడ సంతకం చేస్తాడు. మీ షరతు ఆ సంతకాన్నే అబద్ధం చేస్తుంది.

ఆ వెబ్‌సైటులో చూసిన పెద్ద అంకెల గురించి. ఈడబ్ల్యూజీ అంటే ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్. ప్రభుత్వ రికార్డులని తెప్పించుకుని ఎవరికెంత వెళ్ళిందో కౌంటీలవారీగా పెడతారు, డబ్బు తీసుకున్నవాళ్ళ పేర్లతో సహా. (రేపు మీరు తీసుకున్నా మీ పేరు అందులో ఉంటుంది. పక్కింటాయన చూస్తాడు, పల్లెటూళ్ళో ఇది మామూలే.) అక్కడ ముందు కనిపించే మొత్తం 1995 నుంచి ఇప్పటిదాకా కలిపినది. ఏళ్ళకి పంచి, ఆ తర్వాత పేర్ల జాబితా తెరిచి చూడండి. పెద్ద ర్యాంచులు కొన్ని సింహభాగం తీసుకుని ఉంటాయి, కింద ఉన్న వందలమందికి ఏటా వచ్చింది చిన్న మొత్తమే.

ఏడాదివారీ గ్రాఫు కూడా జాగ్రత్తగా చదవాలి. మైదాన ప్రాంతపు కౌంటీల్లో చాలావాటికి 2014 దగ్గర స్తంభం ఆకాశాన్ని తాకుతుంది. అది 2014 కరువు కాదు. టెక్సాస్ చరిత్రలో అత్యంత పొడి సంవత్సరం 2011. పశువుల, పంటల నష్టం 762 కోట్ల డాలర్లని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విభాగం లెక్కగట్టింది. సరిగ్గా ఆ ఏడాది సెప్టెంబర్ 30న 2008 చట్టం కింద నడిచిన ఎల్‌ఎఫ్‌పీ గడువు ముగిసిపోయింది. 2012లో అమెరికా మధ్యభాగమంతా మాడిపోతున్నప్పుడు పశువులవాళ్ళకి ఈ పథకమే లేదు. మందలు అమ్ముకున్నారు. 2014 ఫార్మ్ బిల్లు ఆ పథకాన్ని శాశ్వతం చేసి, 2011 అక్టోబర్ నుంచి జరిగిన నష్టాలకి వెనక్కి లెక్కేసి ఇచ్చింది. దరఖాస్తులు 2014 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. మూడేళ్ళ డబ్బు ఒక ఏడాది స్తంభంలో కనబడేది అందుకే. ఆలోగా ఆవులు అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళలో పాత లెక్కలు, సంత రసీదులు దాచుకున్నవాళ్ళు తీసుకోగలిగారు. మిగతావాళ్ళు చూస్తూ ఉండిపోయారు.

పంటలకి ఇలాంటి స్తంభాలు ఇంకా ఎక్కువ. 2017 తుపానులకి ఒక పథకం, 2018, 2019కి దాని కొనసాగింపు, 2020, 2021కి ఇంకో పేరు, 2022కి మరో లెక్క. 2023, 2024 నష్టాలకి కాంగ్రెస్ 2024 డిసెంబర్‌లో చట్టం చేస్తే, ఎస్‌డీఆర్‌పీ పేరుతో దరఖాస్తులు మొదలైంది 2025 జూలైలో. అదీ లెక్కగట్టిన మొత్తంలో 35 శాతమే మొదట ఇచ్చారు. పైగా తీసుకున్నవాళ్ళు రాబోయే రెండేళ్ళు పంట బీమా కొనాలన్న షరతు. కాంగ్రెస్ ఎప్పుడు ఇస్తుందో, ఎంతిస్తుందో తెలియని ఈ డబ్బుని నమ్ముకుని ఎవరూ సాగు చేయలేరు. నేను బీమా అమ్ముకునేవాడిని కాబట్టి ఈ మాటని ఆ దృష్టితోనే తీసుకోండి.

ఇప్పుడు మీ మేకల ఆలోచన. ఇక్కడ అర్హత మారుతుంది, కానీ ముందు వీసా.

ఎల్‌ఎఫ్‌పీ లాంటి పథకాలకి అమెరికా పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ఉండాలి. హెచ్‌1బీ చాలదు. ఎల్‌ఎల్‌సీ పెట్టాం కదా, సంస్థకి వీసా ఏంటి అనుకోవద్దు. సంస్థ వెనక ఎవరున్నారో, ఎవరిదెంత వాటానో ఫారంలో రాయమంటారు. ఇలాంటి చెల్లింపుల నియమాల్లో విదేశీయుల వాటా 10 శాతం దాటితే ఆ సంస్థనే విదేశీ సంస్థగా చూస్తారు. అర్హుడైన సభ్యుడి వాటా మేరకు చెల్లించమని రాతపూర్వకంగా అడిగే వీలుంది. అంటే మీలో గ్రీన్‌కార్డు ఉన్నాయన మూడోవంతు వాటాకే దారి. ఇంకొకటి, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు మేకల మంద దగ్గర పనిచేయడం వీసా నిబంధనలతో చిక్కు తెచ్చే విషయం. పెట్టుబడి పెట్టి ఊరుకోవడం వేరు, రోజూ వెళ్ళి మంద నడపడం వేరు. దీనికి నా సలహా పనికిరాదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

సాయం సంగతి పక్కనపెడితే, మీలాంటివాళ్ళు వెంటనే చూసుకోవాల్సిన పని ఒకటుంది. 1978లో వచ్చిన ఆఫిడా చట్టం ప్రకారం విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి తెలియజేయాలి. ఫారం పేరు ఎఫ్‌ఎస్‌ఏ-153, కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులోనే ఇవ్వచ్చు. ఈ చట్టం దృష్టిలో హెచ్‌1బీ మీదున్న మనిషి విదేశీయుడే. పేరు ఎల్‌ఎల్‌సీది అయినా, అందులో విదేశీయుడి వాటా పది శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే వర్తిస్తుంది. మీ ఇద్దరి వాటా మూడింట రెండొంతులు. ఆలస్యమైతే వారానికి భూమి విలువలో వెయ్యో వంతు చొప్పున జరిమానా పెరుగుతూ పోతుంది. అసలు తెలియజేయకపోతే 25 శాతం దాకా వేయొచ్చు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు గుంపులుగా కలిసి పదులు, వందల ఎకరాలు కొంటున్నారు. రియల్టర్ చెప్పడు, టైటిల్ కంపెనీ చెప్పదు. మీరు ఆ ఫారం ఇచ్చినట్టు ప్రశ్నలో ఎక్కడా లేదు. ఇవ్వకపోతే ఈ వారమే ఇవ్వండి. వాళ్ళు పట్టుకోకముందే మనంతట మనం వెళ్ళి ఇవ్వడం ఎప్పుడూ మేలు.

గ్రీన్‌కార్డు స్నేహితుడు తన పేరు మీద మంద పెట్టి, ఎల్‌ఎల్‌సీ దగ్గర భూమి కౌలుకి తీసుకున్నాడనుకుందాం. అప్పుడు ఎంతొస్తుంది? ఎల్‌ఎఫ్‌పీలో ఎదిగిన ఆవుని ఒకటిగా లెక్కిస్తే మేకని పావుగా లెక్కిస్తారు. ఇచ్చేది నెల మేత ఖర్చులో 60 శాతం. మేత ఖర్చుని రెండు రకాలుగా లెక్కవేస్తారు: మీ దగ్గర ఉన్న పశువులని బట్టి, మీ భూమి మోయగలిగే పశువులని బట్టి. రెండింటిలో ఏది తక్కువైతే అదే. మీ కౌంటీలో ఒక ఆవుకి 20 ఎకరాల పచ్చిక అవసరమని నిర్ణయించారనుకోండి. 220 ఎకరాలు 11 ఆవుల్ని మోస్తుంది, అంటే 44 మేకలు. మీరు 150 మేకలు తోలినా లెక్క 44 దగ్గరే ఆగుతుంది. ఆవుకి నెల మేత వంద డాలర్లనుకుంటే (ఇది నేను ఉదాహరణకి తీసుకున్న అంకె), నెలకి 660 డాలర్లు. నాలుగు నెలలొస్తే 2,640. డీజిల్‌కీ, దాణాకీ చేయూత, అంతే. ఒక మనిషికి ఏడాదికి లక్షా పాతికవేల డాలర్ల గరిష్ఠ పరిమితి ఉందని విని కళ్ళు పెద్దవి చేసుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ పరిమితి తగిలేది వేల ఎకరాల ర్యాంచులకి.

ఇంకో మెలిక. అర్హత తెచ్చే కరువు మొదలైన తేదీకి ముందు 60 రోజుల్లో ఆ పశువులు మీ చేతిలో ఉండాలి. రంగు పడ్డాక మేకలు కొంటే లాభం లేదు. సరదాకి పెంచుకునేవి, స్వారీ గుర్రాలు లెక్కలోకి రావు, వ్యాపారం కోసం పెంచినవే చెల్లుతాయి. కరువుకి తట్టుకోలేక గత రెండేళ్ళలో అమ్మేసిన పశువులకి కూడా 80 శాతం రేటుతో ఇస్తారు, అమ్మిన రసీదు ఉంటే.

మేకలు చచ్చిపోతే వేరే పథకం, లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ. మామూలుగా ఏటా పోయే సంఖ్యకి మించి మంచు తుపాను, వరద, కార్చిచ్చు లాంటివాటికి పోతే మార్కెట్ విలువలో 75 శాతం. టెక్సాస్‌లో మేకల ప్రధాన శత్రువు కొయోటీ, నక్కలాంటి జంతువు. దానికి ఈ పథకం డబ్బివ్వదు. ఫెడరల్ ప్రభుత్వం తిరిగి అడవుల్లో వదిలిన తోడేళ్ళ లాంటివి, చట్టరక్షణ ఉన్న గద్దలు చంపితేనే ఇస్తారు. వీధికుక్కలు చంపినా రాదు. అందుకని కాపలా కుక్కలకి, కంచెకి పెట్టే ఖర్చుని సాయం మీద ఆశతో తగ్గించుకోవద్దు. చచ్చిన ప్రతి జీవానికీ తేదీ కనిపించే ఫొటో, పశువైద్యుడి కాగితం, కొన్న రసీదు ఉండాలి. పూడ్చేశాక ఆఫీసుకెళ్ళి చెబితే వినేవాళ్ళుండరు.

కంచె అన్నాను కాబట్టి ఒక సంగతి. 2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లోని హచిన్‌సన్ కౌంటీలో స్టినెట్ ఊరి దగ్గర స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు మొదలైంది. పది లక్షల ఎకరాలకి పైగా కాలింది, టెక్సాస్ చరిత్రలో అంత పెద్దది లేదు. ఏడు వేలకి పైగా పశువులు పోయాయని రాష్ట్ర వ్యవసాయ శాఖ అంచనా వేసింది. పక్కనున్న రాబర్ట్స్ కౌంటీ జనాభా 2020 లెక్కల్లో 827 మంది, అలాంటి చోట అది. చచ్చిన పశువులకి ఇండెమ్నిటీ ఉంది, కాలిన గడ్డికి ఈల్యాప్ అనే ఇంకో పథకం ఉంది. ఎల్‌ఎఫ్‌పీ మాత్రం కార్చిచ్చు విషయంలో ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో మేపుకునేవాళ్ళకే వర్తిస్తుంది. పాన్‌హ్యాండిల్‌లో దాదాపు అంతా సొంత భూములే. నిజంగా ర్యాంచర్ల నడుం విరిచింది కంచె. మైలు కంచె మళ్ళీ వేయడానికి పదివేల డాలర్ల పైమాటే, మైళ్ళకి మైళ్ళు కాలిపోయాయి. దానికి ఎమర్జెన్సీ కన్సర్వేషన్ ప్రోగ్రామ్ ఉంది, ఈసీపీ అంటారు. ఖర్చులో 75 శాతం దాకా, పదేళ్ళ అనుభవం దాటని కొత్త రైతులకి 90 శాతం దాకా ఇస్తుంది. తీవ్ర కరువులో పశువులకి నీటి ఏర్పాటుకీ దీన్ని వాడతారు. యజమానిగా మీరు కూడా దరఖాస్తు పెట్టే వీలున్నది ఈ పథకానికే. ఎందుకంటే బాగుచేసే ఖర్చు మీరు పెడితే నష్టం మీదే. ఆఫీసువాళ్ళు చూసి అనుమతి ఇవ్వకముందే పని మొదలుపెడితే మాత్రం చేతులు కడుక్కోవాల్సిందే. పశువులు రోడ్డు మీదికొస్తున్నాయని రాత్రికి రాత్రి కంచె వేయించినవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. కనీసం ఫోన్ చేసి, ఇలా తప్పనిసరిగా వేయిస్తున్నామని చెప్పి, ఏం చేయాలో అడగండి.

కౌంటీ స్థాయిలో ఎవరు నిర్ణయిస్తారో కూడా తెలుసుకోవాలి. ప్రతి కౌంటీకీ రైతులే ఓట్లేసి ఎన్నుకునే కమిటీ ఉంటుంది, మూడేళ్ళ పదవీకాలం. ఎకరాకి ఎన్ని పశువులు లాంటి స్థానిక అంకెల్లోనూ, మీ దరఖాస్తు ఆమోదంలోనూ వాళ్ళ చేయి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళు మీ కౌలుదారుకి చుట్టాలో స్నేహితులో అయి ఉంటారు. ఇది మంచికీ పనికొస్తుంది, చెడ్డకీ పనికొస్తుంది. దరఖాస్తు తిరస్కరిస్తే ఉత్తరం వస్తుంది, అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. కమిటీనే మళ్ళీ చూడమనొచ్చు, లేదా నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కి వెళ్ళొచ్చు. కోపంతో ఉత్తరం పక్కన పడేసి రెండు నెలలకి నాకు ఫోన్ చేసేవాళ్ళకి నేనేమీ చేయలేను.

మంద పెట్టబోయే స్నేహితుడు ఏం చేయాలంటే, పశువులు కొనకముందే ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని ఫార్మ్ నంబరు తెచ్చుకోవాలి. మనిషి వివరాల ఫారం, ఎవరి పెట్టుబడి ఎవరి శ్రమ అని రాసే ఆపరేటింగ్ ప్లాన్, సగటు ఆదాయం తొమ్మిది లక్షల డాలర్లు దాటలేదనే ధృవీకరణ, నేలకోత, చిత్తడి నేలల నిబంధనల ఫారం, ఈ నాలుగూ ముందే ఉండాలి. తర్వాత ఏటా గడువులోపు ఎకరాల రిపోర్టు ఇవ్వాలి. కరువొచ్చాక పరిగెత్తుకొచ్చి "ఇప్పుడు రిజిస్టర్ చేయండి" అంటే కొన్నిటికి కుదురుతుంది, చాలావాటికి కుదరదు. బీమా దొరకని పంటలకి నాప్ అనే పథకం ఉంది, దానికైతే విత్తే కాలానికి ముందే దరఖాస్తు పెట్టాలి. పంటకి 325 డాలర్ల ఫీజు, కొత్త రైతులకి అది మాఫీ. ఉచితంగా ఉన్నదాన్ని వదులుకున్న కొత్తవాళ్ళే ఎక్కువ, ఎవరూ చెప్పకపోవడం వల్ల.

వాన బీమా కూడా ఒకటుంది, పచ్చిక భూములకి. మీ పొలంలో పడ్డ వాన చూడరు. మ్యాపుని గళ్ళుగా విడగొట్టి, మీరున్న గడిలో వాతావరణ శాఖ లెక్క ప్రకారం రెండేసి నెలల వాన సగటు కన్నా ఎంత తగ్గిందో చూసి ఇస్తారు. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే కడుతుంది. కొనడానికి డిసెంబర్ 1 గడువు. ఎల్‌ఎఫ్‌పీతో పాటు ఇదీ తీసుకోవచ్చు. ఇది కూడా పశువులో, గడ్డి అమ్మకమో మీదైతేనే. నగదు కౌలుకిచ్చిన యజమాని కొనలేడు. గడి సగటు బాగుండి మీ పొలం మాత్రం ఎండితే రూపాయి రాదు, అది తెలిసే కొనాలి.

వచ్చిన డబ్బుకి ఆదాయపన్ను ఉంటుంది, ఏడాది చివర 1099-జీ అనే పన్ను కాగితం వస్తుంది. కరువుకి మంద అమ్మాల్సివస్తే ఆ లాభం మీద పన్నుని వెనక్కి జరుపుకునే వీలు ఉంది. వ్యవసాయ లెక్కలు తెలిసిన సీపీఏని పట్టుకోండి. ఐటీ ఉద్యోగుల రిటర్న్‌లు చేసేవాళ్ళలో చాలామందికి ఇది కొత్త.

చివరగా ఆ 15 శాతం మనిషి. ఎల్‌ఎఫ్‌పీ, ఇండెమ్నిటీ, ఈసీపీ దేనికీ దరఖాస్తు రుసుము లేదు. ఫారాలు ఎఫ్‌ఎస్‌ఏ ఉద్యోగులే మీ పక్కన కూర్చుని నింపిస్తారు, అది వాళ్ళ ఉద్యోగం. కింద సంతకం పెట్టేది మాత్రం మీరు. లేని పశువులని చూపిస్తే, కౌలుకిచ్చిన భూమిని సొంతంగా మేపుతున్నామని రాస్తే, డబ్బు వడ్డీతో వెనక్కి కట్టడంతో ఆగదు, ఫెడరల్ కేసు అవుతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పక్కర్లేదు. మీరిచ్చిన వివరాలని బట్టి ఈ ఏడాది మీకు అర్హతే లేదు, మరి ఆయన ఏం రాసి డబ్బు తెప్పిస్తానంటున్నాడో ఒకసారి అడిగి చూడండి. ఇప్పటికే ఆయనకి సోషల్ సెక్యూరిటీ నంబరో, ఎల్‌ఎల్‌సీ పన్ను నంబరో ఇచ్చి ఉంటే, కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి మీ పేరు మీద ఏమైనా దరఖాస్తు వచ్చిందేమో కనుక్కోండి. ఎలాగూ ఆఫిడా ఫారం కోసం వెళ్ళాలి, అప్పుడే అడిగేయొచ్చు.